కారంగా ఉండే కొరియన్ బీఫ్ నూడుల్స్ సూప్: ఎర్ర నీళ్ళలా కాకుండా రావాలంటే

మాంసం, గోచుగారు (బరకగా ఉండే కొరియన్ మిరప పొడి), సోయా సాస్ అన్నీ వేసినా సూప్ కారం కలిపిన నీళ్ళలా ఉంటోందనీ, పైన ఎర్ర నూనె తేలడం లేదనీ, నూడుల్స్ పది నిమిషాల్లో ఉబ్బి ముద్దవుతున్నాయనీ రాశారు. హైదరాబాద్‌లో దొరికే సరుకుతో ఎలా చేయాలని అడిగారు. మీరు చేయాలనుకుంటున్నది యుక్‌గేజాంగ్. కొరియాలో దీన్ని ఎక్కువగా అన్నంతో తింటారు, చావు ఇళ్ళలో వచ్చినవాళ్ళకు వడ్డించే సూప్ కూడా ఇదే. ఇందులో కత్తితో కోసిన కల్‌గుక్సు నూడుల్స్ వేసుకుంటే యుక్‌కల్ అంటారు. మీరు చెప్పిన మూడు తంటాలకూ మూల కారణం ఒకటే: అన్నీ ఒకే గిన్నెలో ఒకేసారి ఉడికించడం. మాంసం రసం, ఎర్ర నూనె, నూడుల్స్ మూడూ విడివిడిగా తయారు కావాలి. కింద చెప్పే కొలతలు నలుగురికి.

ముందు మాంసం. కొరియన్లు వాడేది రొమ్ము భాగం. హైదరాబాద్ దుకాణాల్లో సీనా అని అడగండి, 600 గ్రాములు, రెండు మూడు పెద్ద ముక్కలుగానే ఇవ్వమనండి. కూరకు కొట్టినట్టు చిన్న ముక్కలు కొట్టిస్తే తర్వాత చీల్చడానికి పొడవైన పీచు మిగలదు. ఇక్కడ బీఫ్ పేరుతో అమ్మేది దాదాపు అంతా గేదె, దున్న మాంసమే. దానికి కొవ్వు తక్కువ, ఉడకడానికి సమయం ఎక్కువ. అందుకని రెండు నల్లి బొక్కలు కూడా తీసుకోండి, రసానికి చిక్కదనం వాటి నుంచే వస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకు బ్రిస్కెట్ దొరుకుతుంది కాబట్టి బొక్కలు లేకున్నా నడుస్తుంది.

మాంసాన్ని చల్లటి నీళ్ళలో అరగంట నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి. తర్వాత మరిగే నీళ్ళలో 5 నిమిషాలు ఉంచి, ఆ నీళ్ళూ పారబోసి, ముక్కల్ని కుళాయి కింద కడగండి. రుచి పోతుందని చాలామంది ఈ పని వదిలేస్తారు. పోయేది రక్తపు వాసన, బూడిద రంగు తెట్టు మాత్రమే. మన కూరల్లో అల్లం, గరం మసాలా ఆ వాసనను కప్పేస్తాయి. ఈ సూప్‌లో మసాలా లేదు కాబట్టి వాసన ఉంటే నేరుగా తెలిసిపోతుంది.

ఇప్పుడు రెండున్నర లీటర్ల నీళ్ళు, కడిగిన మాంసం, బొక్కలు, సగానికి కోసిన ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు 8, మిరియాలు 10, చెక్కు తీసిన ముల్లంగి 200 గ్రాములు. కొరియన్ ముల్లంగి తియ్యగా ఉంటుంది, మనది ఘాటు. అందుకే మనదాన్ని పెద్ద ముక్కలుగా వేసి 30 నిమిషాలకు బయటికి తీసేయండి, ఎక్కువసేపు ఉంటే రసం అంతా ముల్లంగి వాసనే వస్తుంది. మంట సిమ్‌లో ఉండాలి, పైన అక్కడక్కడ ఒక బుడగ లేస్తే చాలు. తెర్లుతూ మరిగితే కొవ్వు రసంలో కలిసిపోయి మబ్బుగా అవుతుంది, ముక్క బయట పిప్పి, లోపల గట్టి. ఆవు మాంసానికి గంటన్నర నుంచి రెండు గంటలు, గేదె మాంసానికి రెండున్నర నుంచి మూడు గంటలు. కుక్కర్‌లో అయితే మొదటి విజిల్ తర్వాత సిమ్‌లో 35–40 నిమిషాలు. కుక్కర్ రసం కొంచెం మబ్బుగానే ఉంటుంది, కానీ ఎర్ర సూప్‌లో అది కనపడదు, దిగులు పడకండి.

ముక్కను రసంలోనే ఉంచి చల్లారనివ్వండి. వేడిగా బయటికి తీస్తే ఆవిరితోపాటు తడి అంతా పోయి ఎండిపోతుంది. చల్లారాక పీచు వెంబడి చేత్తో, చిటికెన వేలంత పొడవున చీల్చండి. కత్తి వద్దు. చీల్చిన పీచు మధ్యలోకి కారం, ఉప్పు దిగుతాయి, కోసిన ముక్కకు పైపైనే అంటుతాయి. రసం వడకట్టి, పైన తేలిన కొవ్వులో ఒక పెద్ద చెంచా (15 మి.లీ.) తీసి దాచండి, మిగతాది పారేయవచ్చు. రసం రెండు లీటర్లు ఉండాలి, తగ్గితే వేడినీళ్ళు కలపండి.

ఇక కారం. అసలు తేడా ఇక్కడే వస్తుంది. మిరపలోని ఎరుపు రంగు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. గోచుగారును నేరుగా మరిగే రసంలో చల్లితే పొడి పైన తేలుతుంది, రంగు రాదు, గొంతులో పచ్చి కారం తగులుతుంది. మీ సూప్‌కు జరిగింది ఇదే. గోచుగారు లేదా? గుంటూరు కారం నాలుగు చెంచాలు వేస్తే ఎవరూ తాగలేరు, ఒక చెంచా వేస్తే రంగు, నిండుదనం రావు. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉన్న మిరప కావాలి. వరంగల్ చపాటా మిర్చి దీనికి చక్కగా పనికొస్తుంది, నా మొదటి ఎంపిక అదే. దొరక్కపోతే బ్యాడిగి. తొడిమలు, గింజలు తీసి, మిక్సీలో ఆపి ఆపి రవ్వలా బరకగా తిప్పండి. మెత్తటి పొడి నూనెలో క్షణాల్లో మాడుతుంది. కారం ఇంకా కావాలనుకునేవాళ్ళు ఒక చిన్న చెంచా గుంటూరు కారం కలుపుకోవచ్చు.

మందపాటి మూకుడులో దాచిన కొవ్వు ఒక పెద్ద చెంచా, వాసన లేని నూనె రెండు పెద్ద చెంచాలు, తరిగిన ఉల్లికాడల తెల్ల భాగం ఒక గుప్పెడు వేసి సిమ్‌లో మూడు నాలుగు నిమిషాలు, అంచులు బంగారు రంగుకు వచ్చేదాకా వేయించండి. స్టవ్ ఆపండి. ఒక నిమిషం ఆగి, నాలుగు పెద్ద చెంచాల మిరప రవ్వ వేసి అర నిమిషం కలిపి, వెంటనే ఒక గరిటె రసం పోయండి. రసం పడగానే వేడి తగ్గి కారం మాడడం ఆగుతుంది. పొడి గోధుమ రంగుకు తిరిగిందంటే మాడినట్టే, దాన్ని పారేసి మళ్ళీ చేయండి. చక్కెర వేసినా ఆ చేదు పోదు. గోచుజాంగ్ (పులియబెట్టిన కొరియన్ మిరప ముద్ద) వేయమని కొన్ని వంటకాల్లో ఉంటుంది, నా సలహా మాత్రం వద్దని. అందులోని తీపి, పిండి కలిసి సూప్‌ను చిక్కటి సాస్‌లా మారుస్తాయి, మాంసం రుచి అడుగున పడిపోతుంది.

కూరగాయల్లో ముఖ్యమైనది ఉల్లికాడ. కొరియన్ ఉల్లికాడ బొటనవేలంత లావుంటుంది, మనవి సన్నం కాబట్టి 250 గ్రాములు కావాలి. వేలంత పొడవున కోసి, మరిగే నీళ్ళలో అర నిమిషం ముంచి తీయండి, జిగురు, ఘాటు పోయి తీపి మిగులుతుంది. మొలకలు 200 గ్రాములు, కానీ మనం ఇంట్లో కట్టే పొట్టి పెసర మొలకలు కాదు, అవి ఉడికి పప్పవుతాయి. సూపర్‌మార్కెట్లలో బీన్ స్ప్రౌట్స్ పేరుతో అమ్మే పొడవాటి తెల్లవి కావాలి. గోసారి అనే ఎండు ఫెర్న్ కాడలు కొరియన్ దుకాణం ఉన్న ఊళ్ళో దొరికితే 30 గ్రాములు రాత్రంతా నానబెట్టి, అరగంట ఉడికించి, ఆ నీళ్ళు తప్పకుండా పారబోయాలి. ఆ మొక్కలో విషపదార్థం ఉంటుంది, నానబెట్టి ఉడికించడం దాన్ని తగ్గించడానికే. దొరక్కపోతే ఆయిస్టర్ పుట్టగొడుగులు చీల్చి వేయండి.

కొరియన్లు ఇందులో ఎండబెట్టిన చేమ కాడలు కూడా వేస్తారు. అవి మనకు కొత్త కాదు. పచ్చివి 200 గ్రాములు, చేతులకు నూనె రాసుకుని నార తీసి, 10 నిమిషాలు ఉడికించి, గంటసేపు చల్లటి నీళ్ళలో ఉంచి పిండేయండి. వేసే ముందు ఒక ముక్క కొరికి చూడండి, దురద ఉంటే మళ్ళీ ఉడికించాలి. దురదకు మనం చింతపండు వేస్తాం, ఇక్కడ మాత్రం వద్దు, పులుపు ఈ సూప్‌ను పాడుచేస్తుంది.

చీల్చిన మాంసాన్నీ, మొలకలు తప్ప మిగతా కూరగాయలన్నిటినీ ఒక బేసిన్‌లో వేసి, ఎర్ర నూనె, దంచిన వెల్లుల్లి రెండు పెద్ద చెంచాలు, సూప్‌కు వాడే కొరియన్ సోయా సాస్ మూడు పెద్ద చెంచాలు, మిరియాల పొడి అర చిన్న చెంచా వేసి చేత్తో గట్టిగా కలిపి 20 నిమిషాలు ఉంచండి. ఆ సోయా సాస్ లేకపోతే మామూలు లైట్ సోయా రెండు, ఫిష్ సాస్ ఒకటి. డార్క్ సోయా వేస్తే రంగు నల్లబడుతుంది. కలిపినదాన్ని మరిగే రసంలో వేసి మధ్యస్థ మంట మీద 25 నిమిషాలు, చివరి 5 నిమిషాల్లో మొలకలు. దించాక నువ్వుల నూనె ఒక చిన్న చెంచా. ఇది వేయించిన నువ్వులతో తీసిన గోధుమ రంగు నూనె, మన పప్పునూనెకు ఆ వాసన ఉండదు.

ఉప్పు చివర్లో చూడండి, ఒట్టి సూప్ తాగితే కాస్త ఎక్కువైందనిపించాలి. నూడుల్స్ చప్పగా ఉంటాయి, వాటికున్న తడి కూడా సూప్‌ను పలచన చేస్తుంది. సాధారణంగా ఒకటి నుంచి ఒకటింపావు చిన్న చెంచాల ఉప్పు పడుతుంది.

నూడుల్స్‌కు మైదా 400 గ్రాములు, ఉప్పు ఒక చిన్న చెంచా, నూనె ఒక పెద్ద చెంచా, నీళ్ళు 190 మి.లీ. పిండి పూరీ పిండికన్నా గట్టిగా ఉండాలి. మూతపెట్టి గంట ఉంచి, 2 మి.మీ. మందాన ఒత్తి, పొడి పిండి చల్లి మడిచి, 4–5 మి.మీ. వెడల్పున కోయండి. మామూలు కల్‌గుక్సును రసంలోనే ఉడికిస్తారు, ఆ పిండే రసాన్ని చిక్కగా చేస్తుంది. ఎర్ర సూప్‌లో అదే పని చేస్తే పిండి పట్టి నూనె మెరుపు పోతుంది. అందుకే వేరే గిన్నెలో ఎక్కువ నీళ్ళలో 4–5 నిమిషాలు ఉడికించి, చల్లటి నీళ్ళలో చేత్తో రుద్ది కడిగి, వడకట్టండి. యుక్‌కల్‌కు పేరున్న సియోల్ మున్‌బే-డాంగ్‌లో నూడుల్స్ వేరే పళ్ళెంలో పెట్టి ఇస్తారు, తినేవాళ్ళే కొంచెం కొంచెం సూప్‌లో వేసుకుంటారు. ఉబ్బే గొడవే ఉండదు. కొన్నవే వాడాలంటే వెడల్పాటి ఎండు గోధుమ నూడుల్స్ తీసుకోండి. నూనెలో వేయించిన ఇన్‌స్టంట్ నూడుల్స్ వద్దు, వాటి పామాయిల్ వాసన సూప్‌లోకి దిగుతుంది.

మిగిలిన సూప్ ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది, రెండో రోజు ఇంకా బాగుంటుంది. నూడుల్స్ మాత్రం అందులో వేసి దాచకండి. కోసిన పచ్చి నూడుల్స్‌కు పొడి పిండి చల్లి, చుట్టలుగా ఫ్రీజర్‌లో పెడితే కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్ళలో వేయవచ్చు, ఒక నిమిషం ఎక్కువ పడుతుంది.