హెడ్ పని చేయించినా హీట్ తగ్గలేదు, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది గుంతకల్లు. మా పన్నెండేళ్ల నాటి డీజిల్ కారు హీటెక్కుతోందని అనంతపురంలో ఒక గ్యారేజీలో చూపించాను. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌కూ, దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోయిందని హెడ్ దింపి, ఫేసింగ్ (హెడ్ అడుగును చదును చేయడం) చేయించి రూ.34,000 తీసుకున్నారు. బిల్లు ఇవ్వలేదు, డబ్బు యూపీఐలో పంపాను. మూడు వారాలకే హైవే మీద గుత్తి దగ్గర టెంపరేచర్ ముల్లు మళ్లీ ఎర్రగీత దాటింది. ఇంకో మెకానిక్ రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదని, అసలు జబ్బు అదేనని అంటున్నాడు. మొదటివాళ్లేమో పాత బండికి మేమేం చేస్తామంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ ఇప్పుడే రెండో మెకానిక్‌తో ఫ్యాన్ మార్పించకండి. మారిస్తే మీ సాక్ష్యం పోతుంది.

ఆయన మాట కూడా పూర్తిగా సరిపోవడం లేదు. ఫ్యాన్ పోతే బండి ఎక్కువగా ట్రాఫిక్‌లో, ఆగి ఉన్నప్పుడు హీటెక్కుతుంది. హైవే మీద వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. మీకు పరుగు మీదే ముల్లు లేచి ఉంటే రేడియేటర్ పూడుకుందా, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను వదిలే వాల్వు) మూసుకుపోయిందా, వాటర్ పంపు పనిచేస్తోందా అన్నవీ చూడాలి. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోశారా? మన జిల్లా బోరు నీళ్లకు లోపల సుద్ద పేరుకుంటుంది. అవతలి వకీలు ఇదే అడుగుతాడు, ముల్లు లేచాక కూడా నడిపారా అనీ అడుగుతాడు. నిజం దాచకండి.

ఫ్యాన్ తిరగక హీటెక్కి, ఆ వేడికి గ్యాస్కెట్ నిజంగానే పోయి ఉండవచ్చు. అలాగైతే హెడ్ పని అవసరమైనదే, కాబట్టి మొత్తం డబ్బు తిరిగి రావడం కష్టం. కానీ గ్యాస్కెట్ ఎందుకు పోయిందో చూడకుండా బండి అప్పగించడం సేవాలోపమని వాదించవచ్చు. గ్యాస్కెట్ అసలు పోలేదని తేలితే రూ.34,000 మొత్తం అడగవచ్చు. గ్యాస్కెట్ పోతే కనిపించే గుర్తులు చూడండి: అప్పట్లో తెల్లపొగ వచ్చిందా, ఆయిల్ పాలు కలిసిన టీ రంగుకు మారిందా, రేడియేటర్‌లో బుడగలు వచ్చాయా? గుర్తున్నది ఈరోజే రాసి పెట్టుకోండి. పాత గ్యాస్కెట్ వాళ్ల దగ్గరుంటే అడిగి తీసుకోండి.

బండిని నడపకుండా, ఎత్తుకెళ్లే బండి మీద అధీకృత సర్వీస్ సెంటర్‌కు చేర్చండి. కూలింగ్ ప్రెషర్ టెస్ట్ (కూలెంట్ ఎక్కడైనా లీకవుతోందా అని ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష) చేయించి, ఫ్యాన్, థర్మోస్టాట్, వాటర్ పంపు స్థితిని సంతకంతో రాసిమ్మనండి. విప్పే ప్రతి దశలో ఫొటోలు తీయండి. నోటిమాటతో కేసు నిలబడదు. పనిచేసినా మళ్లీ హీటెక్కింది అన్నంత మాత్రాన లోపం రుజువైనట్టు కాదు.

రిపోర్టు వచ్చాక స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ ఫోన్ చేయవచ్చు. తేలకపోతే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. రూ.5 లక్షల లోపు విషయానికి ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతే, ఫిర్యాదులో అదీ రాయండి. యూపీఐ రశీదు, వాట్సాప్ మెసేజ్‌లు జతచేయండి.

ఈలోగా మొదటి గ్యారేజీవాళ్లు బండి తెస్తే ఉచితంగా చూస్తామంటే, ఏం చేస్తారో, ఎంత గ్యారంటీ ఇస్తారో ముందే వాట్సాప్‌లో పంపించమనండి.