వేటగాళ్లు ఆన్‌లైన్‌లో చూపించే వేటకీ, అడవిలో జరిగే అసలు వేటకీ పొంతన ఉంటుందా?

ఫొటోలో ఉన్నది అబద్ధమని అనను, కానీ ఆ ఫొటోకి ముందు జరిగే సర్దుడు ఒకసారి చూస్తే మీకే అర్థమవుతుంది. నేను వేటాడను. అమెరికాలో మా టీమ్‌లో ఒకాయన వేటాడతాడు, మూడేళ్లుగా నవంబర్‌లో జింకల సీజన్‌కి ఆయన వెంట వెళ్తున్నా, ఫొటోలు తీసే డ్యూటీ నాది.

నిరుడు ఒక మగ జింక పడింది. దానికి ట్యాగ్ (వేట పర్మిట్ చీటీ) కట్టాక ఆయన చేసిన మొదటి పని, బయటికి వేలాడుతున్న నాలుకని నోట్లోకి తోసెయ్యడం. ముక్కు దగ్గర రక్తాన్ని ముందు గడ్డితో, తర్వాత తడిగుడ్డతో తుడిచాడు. తూటా దిగిన వైపు కెమెరాకి కనపడకుండా తిప్పి, కాళ్లు మడిచి, పడుకుని లేవబోతున్నట్టు కూర్చోబెట్టాడు. తను మాత్రం దాని వెనక కాస్త దూరం జరిగి కూర్చున్నాడు, అలా అయితే కొమ్ములు పెద్దవిగా కనిపిస్తాయట. "ఇంకా కిందినుంచి తియ్యి, వెనకాల ఆకాశం రావాలి" అన్నాడు. ఈ తరహా ఫొటోని వాళ్లలో వాళ్లు 'గ్రిప్ అండ్ గ్రిన్' అంటారు, కొమ్ములు పట్టుకో, పళ్లు బయటపెట్టు అని. ఆ ఒక్క ఫొటో కోసం రెండున్నర రోజులు చెట్టుకి కట్టిన స్టాండ్ మీద చలికి కొయ్యబారిపోయి కూర్చున్నాం, అది మాత్రం ఎక్కడా కనపడదు.

పోస్టులో 'చంపాను' అన్న మాట దాదాపు ఉండదు, 'హార్వెస్ట్ చేశాను' అంటారు, పంట కోసినట్టు. ఇది వాళ్లు దాచుకోడానికి పుట్టించిన మాటేం కాదు లెండి, అక్కడి రాష్ట్రాల వన్యప్రాణి శాఖల లెక్కల్లోనూ అదే మాట ఉంటుంది. కానీ బయటివాడు చదివితే ఒళ్లు మండుతుంది.

ఇంక ఎవరైనా కామెంట్లలో తిడితే వెంటనే వచ్చే జవాబు, 'అడవుల్ని కాపాడుతున్నది మా డబ్బే' అని. ఇందులో నిజముంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను పడుతుంది, అది ఎక్కువగా రాష్ట్రాలకి వన్యప్రాణుల పనులకి వెళ్తుంది. కాకపోతే ఆ పన్ను కట్టేవాళ్లలో అడవి మొహం చూడకుండా రేంజ్‌లో గురి ప్రాక్టీస్ చేసుకునేవాళ్లు కూడా బోలెడుమంది, ఆ ముక్క ఎవరూ చెప్పరు. 2014లో డాలస్‌లో నమీబియా నల్ల ఖడ్గమృగం వేట పర్మిట్‌ని 3,50,000 డాలర్లకి వేలం వేసినప్పుడు కూడా ఇదే వాదన. పిల్లల్ని కనే వయసు దాటి, మిగతావాటిని పొడిచే ముసలి మగదాన్నే ఎంచుతారు, డబ్బు సంరక్షణకి పోతుంది అని. వాదన బానే ఉంది, కానీ చచ్చిన జంతువు పక్కన నవ్వుతున్న మనిషి ఫొటో కింద పెడితే ఎవడికి ఎక్కుతుంది? మరుసటి ఏడాది జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని ఒక అమెరికన్ వేటగాడు చంపినప్పుడు జనం ముందు వెతికి బయటికి తీసింది ఆ వేటగాడి పాత ఫొటోలనే.

ఇదంతా ఫోన్లు వచ్చాక మొదలైన జబ్బు అనుకోకండి. 1902లో మిసిసిపీలో చెట్టుకి కట్టేసిన ఎలుగుబంటిని కాల్చనన్నాడని అప్పటి అమెరికా అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్‌ని పత్రికలు మెచ్చుకున్నాయి, దాని మీద వేసిన కార్టూన్ నుంచే టెడ్డీబేర్ పుట్టింది. నిజానికి అది అప్పటికే బాగా దెబ్బలు తిని ఉంటే, బాధ తీర్చెయ్యమని ఆయనే చెప్పాడు, కత్తితో చంపేశారు. కార్టూన్‌లో ఆ సగం లేదు.

మళ్లీ మా వాడి దగ్గరికొస్తా. ఆ ఫొటో చూసి వాళ్ల మేనకోడలు, చిన్నపిల్ల, "చచ్చిపోయింది కదా, మరి నువ్వెందుకు నవ్వుతున్నావ్?" అని అడిగిందట. ఆ అమ్మాయికేం చెప్పాడో తెలీదు గానీ నాతో చెప్పింది ఇది: అంతకుముందు ఏడాది సాయంత్రం చీకటి పడుతుండగా కాల్చిన జింక పడిపోకుండా పారిపోయింది. దాని వెనక నేనూ ఉన్నా. టార్చి వేసుకుని ఆకుల మీద రక్తం చుక్కలు చూసుకుంటూ రాత్రి పదకొండు దాకా తిరిగాం, ఒక వాగు దగ్గర చుక్కలు ఆగిపోయాయి. పొద్దున్నే మళ్లీ వెళ్లాం, దొరకలేదు. ఆ రోజు కార్లో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఈసారి ఒక్క దెబ్బకే అక్కడే పడిపోయిందన్న రిలీఫ్ ఆ నవ్వు, అన్నాడు. నేను నమ్మాను, ఎందుకంటే ఆ వాగు దగ్గర ఆయన మొహం చూశాను కాబట్టి. ఫొటో చూసినవాళ్లకి ఆ వాగు ఎలా తెలుస్తుంది?

"అదే రాయొచ్చుగా" అన్నాను. రాశాడు కూడా, దొరకని జింక గురించి, దాచకుండా, కొంచెం పెద్ద పోస్టే. వేట అంటే పడనివాళ్లు ఇద్దరు ముగ్గురు తిట్టకుండా ప్రశ్నలు అడిగారు. గోల పెట్టింది మాత్రం ఆయన వేట స్నేహితులే: ఇలాంటివి మనమే బయటపెడితే ఎలా, రేపు ఇదే స్క్రీన్‌షాట్ తీసి మన మీదకే తెస్తారు అని ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. రెండు గంటల్లో పోస్టు డిలీట్ చేశాడు. కొమ్ములు పట్టుకున్న ఫొటో మాత్రం ఇప్పటికీ ఆయన ప్రొఫైల్ మీద ఉంది.