సముద్రంలోకి తొంగిచూసే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

బరంపురం

చిరంజీవి అల్లుడికి, అమ్మాయికి,

మామయ్య, అత్తయ్య ఆశీస్సులు.

మీరిద్దరూ థాయ్‌లాండ్ వెళ్తున్నారనీ, అక్కడ స్నార్కెలింగ్, అంటే మాస్కు పెట్టుకుని గొట్టంతో ఊపిరి తీస్తూ నీటి మీద బోర్లా తేలి లోపల చూడడం, చెయ్యాలని సరదా పడుతున్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. నువ్వు అడగమన్నది టికెట్లు ఎప్పుడు తీసుకోవాలని. అది కూడా రాస్తాను గానీ, మొదట మాస్కు సంగతి చెప్పాలి. పడవవాళ్లు అక్కడ ఏమీ నేర్పరు. ఒక్కో చోట అరగంటో ముప్పావు గంటో ఆపుతారు, పెట్టెలోంచి తలో మాస్కూ తీసి చేతికిస్తారు, దిగమంటారు. గొట్టంతో ఊపిరి తియ్యడం అప్పుడే మొదటిసారి అయితే, ఉప్పునీళ్లు మింగడానికీ నిచ్చెన పట్టుకుని దగ్గడానికే ఆ అరగంట సరిపోతుంది. అందుకని పర్లాకిమిడిలో ఉండగానే ఊపిరి నేర్చుకోండి. మిగతాదంతా దాని తర్వాతే.

మాస్కూ గొట్టమూ సొంతంగా కొనుక్కోండి. ఈతగాళ్లు పెట్టుకునే కళ్లద్దాలు దీనికి పనికిరావు. వాటిలో ముక్కు బయట ఉండిపోతుంది. కాస్త లోతుకి వెళ్లగానే నీటి ఒత్తిడికి అద్దం కంటిగుంటల మీద నొక్కేస్తుంది. ముక్కు లోపల ఉంటే, ముక్కుతో కొంచెం గాలి వదిలి ఆ ఒత్తిడి సరిచెయ్యొచ్చు. ముఖమంతా కప్పేసే కొత్తరకం మాస్కులు చూడ్డానికి బావుంటాయి గానీ కొనొద్దు. వదిలిన గాలి అందులోనే నిలిచిపోయే ప్రమాదం ఉంది, నీళ్లు వస్తే చప్పున ఊడదియ్యడం కష్టం. గట్టి గాజు అద్దం, మెత్తని సిలికాన్ అంచు ఉన్న మామూలు మాస్కు చాలు.

సరిపోయిందో లేదో కొట్లోనే తెలుస్తుంది. పట్టీ తగిలించకుండా మాస్కుని ముఖానికి ఆనించి, జుట్టు లోపల పడకుండా చూసుకుని, ముక్కుతో కొంచెం గాలి లోపలికి లాగు. చెయ్యి తీసేసినా అయిదు సెకన్లు ముఖానికి అతుక్కుని ఉంటే అది నీది. జారిందంటే ఎంత ఖరీదైనదైనా వద్దు. నీకు మీసం ఉంది కాబట్టి ముక్కు కింద వెంట్రుకల సందుల్లోంచి నీళ్లు ఊరతాయి. ముక్కుకి ఆనుకుని ఉన్న సన్నటి గీత మేరకు గొరిగించుకుంటే చాలు, మీసమంతా తియ్యక్కర్లేదు. అమ్మాయికి దూరపుచూపు అద్దాలున్నాయి కదా, పవరు గాజులు పట్టే మాస్కులు దొరుకుతాయి. పవరు అరకి అర తేడాతో ఉంటుంది. కాంటాక్టు లెన్సులతో మాత్రం దిగొద్దని చెప్పు, సముద్రపు నీళ్లు వాటి కింద చేరితే కంటికి ఇన్ఫెక్షన్ వస్తుంది.

నీళ్లు కారుతుంటే అందరూ చేసే పని పట్టీ బిగించడం. దాంతో అంచు మడతపడి ఇంకా ఎక్కువ కారుతుంది. పట్టీ తల వెనక ఎత్తుగా ఉన్నచోట, చెవుల పైనుంచి, వదులుగా ఉండాలి. మాస్కుని పట్టుకునేది నీటి ఒత్తిడే. కొత్త గాజు మీద తయారీలో మిగిలిన సన్నటి పొర ఉంటుంది, దానివల్లే ఊరికే ఆవిరి పట్టేస్తుంది. తెల్ల టూత్‌పేస్టు వేలితో రెండువైపులా రుద్ది కడుగు, రెండు మూడుసార్లు. పూత వేసిన గాజుకీ ప్లాస్టిక్ అద్దానికీ మాత్రం ఇలా చెయ్యకూడదు, గీతలు పడతాయి. దిగే ముందు ఒక్క చుక్క పిల్లల షాంపూ లోపల రాసి, నీళ్లతో తొలిపెయ్యి.

గొట్టం జానెడున్నర, రెండు జానెల కంటే పొడుగు ఉండకూడదు. పొడుగైతే ఇంకా లోతుకి వెళ్లొచ్చనుకుంటారు. అది జరగదు. నీటి బరువు ఛాతీ మీద పడి ఊపిరితిత్తులు గాలి లాక్కోలేవు. పైగా వదిలిన గాలే గొట్టంలో నిలిచి మళ్లీ లోపలికి వస్తుంది. చిన్న గొట్టంలో కూడా ఈ పాతగాలి కొంత ఉంటుంది. గాభరాగా పైపైన ఊపిరి తీస్తే ఆ పాతగాలే అటూ ఇటూ తిరిగి, ఊపిరాడనట్టు అనిపించి, గాభరా ఇంకా పెరుగుతుంది. కాబట్టి నిదానంగా, నిండుగా తియ్యాలి. లోపలికి నాలుగు లెక్కపెట్టు, బయటికి ఆరు.

సాధన ఇలా చెయ్యండి. మొదట ఇంట్లో కుర్చీలో కూర్చుని, మాస్కు పెట్టుకుని, గొట్టాన్ని పళ్లతో మెత్తగా పట్టుకుని పది నిమిషాలు నోటితోనే ఊపిరి తియ్యండి. గట్టిగా కొరికితే దవడ నొప్పి పుడుతుంది. తర్వాత ఈతకొలనులో ఛాతీ లోతున నిలబడి, గట్టు పట్టుకుని, ముఖం మాత్రం నీళ్లలో పెట్టండి. అయిదు నిమిషాలు కదలకుండా ఉండగలిగాక కాళ్లు వదిలి బోర్లా తేలండి. అప్పుడు అసలు పాఠం: కావాలని గొట్టంలోకి నీళ్లు రానివ్వాలి. తల పైకెత్తకుండా ‘తూ’ అని ఒక్క ఊపున ఊదితే నీళ్లు పైనుంచి ఎగిరిపోతాయి. ఆ తర్వాతి ఊపిరి మెల్లగా, నాలిక అంగుడికి ఆనించి తీస్తే మిగిలిన చుక్కలు గొంతులోకి పోవు. ఇది జరగాలంటే ఛాతీలో ఎప్పుడూ కొంచెం గాలి మిగిలి ఉండాలి, పూర్తిగా ఖాళీ చేసుకోకూడదు. మాస్కులోకి నీళ్లొస్తే, పై అంచుని నొక్కిపట్టి, ముఖం కొంచెం పైకి తిప్పి, ముక్కుతో గాలి వదిలితే కింది నుంచి పోతాయి. ఈ రెండూ ఆలోచించకుండా వచ్చేదాకా టికెట్టు కొనకపోయినా నష్టం లేదు.

ఫిన్లు, అంటే ఈతకి పాదాలకి తొడుక్కునే రెక్కలు, కాళ్లకి కరుచుకుని ఉండాలి, కానీ వేళ్లు ఒత్తుకోకూడదు. తొడ దగ్గర్నుంచి మెల్లగా ఆడించు, సైకిలు తొక్కినట్టు మోకాళ్లు మడవకు. పిక్క పట్టేస్తే ఫిన్ను కొస పట్టుకుని నీ వైపు లాగు. అమ్మాయికి ఈత రాదు కాబట్టి లైఫ్‌జాకెట్ తప్పనిసరి. అది ఉంటే బోర్లా తేలుతూ హాయిగా చూడొచ్చు. ఈత రాకపోవడం అడ్డు కాదు, భయంతో నిలబడబోవడమే అడ్డు. ఆ సంగతి కొలనులోనే తేల్చుకోవాలి.

గోపాల్‌పూర్ దగ్గరే కదా, అక్కడ ప్రయత్నిస్తామంటారేమో. వద్దు. అక్కడ అల ఒడ్డు మీదే విరుగుతుంది, ఇసుక లేచి ఏమీ కనబడదు, వెనక్కి లాగే నీరు బలంగా ఉంటుంది. తరతరాలుగా ఆ నీటి మీదే బతుకుతున్న మన నోలియా జాలర్లే అల చూసుకుని గానీ పడవ దించరు. మహేంద్రతనయ నది కూడా వద్దు. అడుగున రాళ్లు, పై కొండల్లో వాన పడితే చెప్పకుండా పెరిగే నీరు.

ఇప్పుడు నెలల సంగతి. థాయ్‌లాండ్‌కి రెండు సముద్రాలు. ఫుకెట్, క్రాబి, ఫీఫీ ఉన్న పడమటి వైపు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు తేరుకుని ఉంటాయి. మే తర్వాత నైరుతి గాలికి అలలు లేస్తాయి. సిమిలన్ దీవులనైతే ఏటా మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు. కో సముయ్, కో తావ్ ఉన్న తూర్పు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జోరువానలు. మీరు పడమటి వైపే పెట్టుకోండి, అది కూడా డిసెంబరు, ఫిబ్రవరి మధ్య. అక్టోబరులో మాత్రం ప్రయాణం వద్దు. 2013లో ఫైలిన్ తుపాను, 2018లో తిత్లీ తుపాను మన మీద పడింది ఆ నెలలోనే. నౌపడా, పలాస మీదుగా రైళ్లు ఆగితే విశాఖలోనో కోల్‌కతాలోనో విమానం అందదు. ఏ నెలలో వెళ్లినా, విమానం రోజుకి ఒక రోజు ముందే ఆ ఊరు చేరుకోండి.

ఫీఫీ దగ్గర మాయా బే చూపిస్తామని అందరూ అంటారు. జనం తాకిడికి పగడాలు పాడై 2018లో దాన్ని మూశారు, 2022 జనవరిలో తెరిచారు. ఇప్పుడు అక్కడ ఈదనివ్వరు. కాబట్టి స్నార్కెలింగ్‌కి ఎక్కడెక్కడ, ఎంతసేపు ఆపుతారు, పార్కు రుసుము ధరలో కలిసిందా అని డబ్బు కట్టే ముందే అడుగు. పొద్దున్నే బయల్దేరే పడవ మంచిది. తొమ్మిది, పదకొండు మధ్య నీళ్లలో ఉంటే ఎండ లోపలికి దిగి రంగులు తేటగా కనిపిస్తాయి. లోతు పెరిగేకొద్దీ ముందుగా పోయేది ఎరుపే, కాబట్టి ఎక్కువ అందం పైనున్న రెండు మూడు మీటర్లలోనే ఉంది. స్పీడుబోటులో ముందు కూర్చోవద్దు, అలకి ఎగిరి పడుతుంది, నడుము పట్టేస్తుంది. వాంతుల మాత్ర మన డాక్టర్ని అడిగి తీసుకెళ్లండి, బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి. మత్తు ఇస్తుంది కాబట్టి ఇంట్లో ఒకసారి వేసుకుని చూడండి.

లోపల చూడాల్సింది ఒకటి చెప్తాను. చిలకచేప కనిపిస్తే ఊపిరి నెమ్మది చేసి విను, పగడాన్ని కొరుకుతున్న కటకట చప్పుడు వినిపిస్తుంది. అది నమిలి వదిలిన పిండే అక్కడి తెల్ల ఇసుకలో చాలా భాగం. జాగ్రత్తపడాల్సింది టైటన్ ట్రిగ్గర్ చేప. ఇసుకలో గుంట చేసి గుడ్లు పెట్టినప్పుడు మనిషి మీదికి వస్తుంది, పళ్లు బలమైనవి. దాని హద్దు గుంట నుంచి పైకి వెడల్పవుతూ వస్తుంది, కాబట్టి పైకి తేలితే లాభం లేదు, పక్కకి ఈదిపోవాలి. పగడం మీద కాలు పెట్టొద్దు. అది చచ్చిపోతుంది, మీ కాలూ కోసుకుపోతుంది. జెల్లీచేప తగిలితే రుద్దొద్దు, మంచినీళ్లు పొయ్యొద్దు. అరనిమిషం పాటు వెనిగర్ పోసి ఒడ్డుకి రండి. నీళ్లకిందకి మునగాలని ముందు గబగబా ఊపిరులు తియ్యడం ప్రాణానికే ముప్పు, స్పృహ తప్పేదాకా తెలియదు. జలుబు ఉంటే మునగనే వద్దు, చెవి పాడవుతుంది. ఇద్దరూ ఎప్పుడూ ఒకరికొకరు చెయ్యి అందేంత దూరంలోనే ఉండాలి.

అమ్మాయి చున్నీ, వదులు సల్వారు వేసుకుని దిగితే అవి నీళ్లు పీల్చి లాగేస్తాయి. నిండు చేతుల లైక్రా చొక్కా, లెగ్గింగ్ ఇద్దరికీ కొనండి. వీపు కాలదు, క్రీము కూడా తగ్గుతుంది. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్లు అక్కడి జాతీయ పార్కుల్లో 2021 నుంచి నిషేధం, జరిమానా లక్ష భాట్‌ల దాకా. జింక్ ఆక్సైడ్ రకం తీసుకోండి.

కాగితాల్లో మనవాళ్లకి వచ్చే చిక్కు పేరే. ఇంట్లో ఇంటిపేరు ముందు, ఒడియా బడి సర్టిఫికెట్టులో చివర, ఆధార్‌లో పొడి అక్షరం. పాస్‌పోర్టుకి పెట్టే ముందే అన్నీ ఒక్కలా దిద్దించండి, టికెట్టు మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉండాలి. గడువు ఆర్నెల్లకి మించి మిగిలి ఉండాలి. వీసా నిబంధన తరచూ మారుతుంది, టికెట్టుకి ముందు థాయ్ రాయబార కార్యాలయం సైటులో చూడు. 2025 మే నుంచి డిజిటల్ రాక కార్డు కూడా నింపాలి, దిగే రోజుకి ముందు మూడు రోజుల్లోపు. అది ఉచితం, డబ్బడిగే సైటు అసలుది కాదు. బరంపురం పచ్చడీ అప్పడాలూ అత్తయ్య కట్టి ఇస్తుంది. పచ్చడి సీసా చేతిసంచీలో పెడితే తీయించేస్తారు, పెద్ద సూట్‌కేసులో పెట్టు.

సముద్రం ముందు, బ్యాంకాక్ తర్వాత పెట్టుకోండి. వానో గాలో అడ్డమొస్తే పడవ మరునాటికి మార్చుకునే వీలుంటుంది. బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్ పొద్దున ఎనిమిదిన్నరకి తెరుస్తారు, టికెట్టు 500 భాట్‌లు, భుజాలూ మోకాళ్లూ కప్పుకుని వెళ్లాలి. ‘ఇవాళ మూసేశారు’ అని దారిలో ఎవరైనా చెప్తే నమ్మకండి, నేరుగా గేటు దాకా నడవండి. లోపల వాట్ ఫ్రా కేవ్ గుడి చుట్టూ మండపం గోడల మీద రామాయణమంతా 178 చిత్రాల్లో ఉంది. ఉత్తరపు గుమ్మం దగ్గర మొదలుపెట్టి ప్రదక్షిణంగా నడిస్తే కథ వరసగా వస్తుంది. ఆ కథలో హనుమంతుడు వారధి రాళ్లు ఎత్తుకుపోతున్న మత్స్యకన్యని వెతుక్కుంటూ సముద్రం అడుక్కి వెళ్తాడు, చివరికి ఆమెనే వరిస్తాడు. మన ఇళ్లలో చెప్పుకునే దానికి ఇది వేరు, అందుకే ఆగి చూడండి. రెండు గంటలైనా కేటాయించండి.

తిరిగొచ్చిన రోజే మాస్కులూ గొట్టాలూ మంచినీళ్లలో గంట నానబెట్టి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే సిలికాన్ పసుపు పట్టి గట్టిపడుతుంది. మాస్కు కొనడానికి వెళ్లేటప్పుడు అమ్మాయి కళ్లజోడు చీటీ తీసుకెళ్లడం మర్చిపోకు.

ఇట్లు
మీ మామయ్య