గీతలు పడ్డ ఆడియో సీడీకి టూత్‌పేస్ట్ రాస్తే పాటలు తిరిగొస్తాయా?

కొన్నిసార్లు వస్తాయి. కానీ ముందు ఆ ట్యూబు పక్కన పెట్టండి. పేస్టుతో రుద్దడమంటే ప్లాస్టిక్‌ని అరగదీయడమే, అరిగింది మళ్లీ రాదు. రుద్దే ముందే ఎంత చదవగలిగితే అంతా కంప్యూటర్లోకి లాగేసుకోవాలి.

అందరూ మెరిసే వైపు గీతలు చూసి బెంబేలెత్తుతారు. అసలు ప్రమాదం బొమ్మ ఉన్న వైపు. మెరిసే వైపు 1.2 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ కాపలా ఉంది, బొమ్మ వైపు అల్యూమినియం మీద పల్చటి లక్కపూత, అచ్చు తప్ప ఏమీ లేవు. సీడీని దీపానికి అడ్డంగా పట్టుకోండి. సూదిమొనంత వెలుతురు చుక్క కనిపిస్తే కంగారక్కర్లేదు. వెలుతురు గీతలా సాగి కనిపిస్తే అక్కడ రేకే లేచిపోయింది, ఏ పేస్టూ దాన్ని తేలేదు.

మెరిసే వైపు గీత ఎంత పొడవన్నది కాదు, ఎటు పోయిందన్నది ముఖ్యం. లేజర్ చుక్క సీడీ ఉపరితలం దగ్గర దాదాపు 0.8 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, అందుకే వెంట్రుకంత గీతలను అది పట్టించుకోదు. ట్రాక్ (చుట్టలా తిరిగే డేటా దారి) వెంట సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర డేటా పోయినా ఎర్రర్ కరెక్షన్ (పోయిన డేటాను లెక్కగట్టి సరిదిద్దే ఏర్పాటు) పూర్తిగా పూడ్చేస్తుంది. మధ్య నుంచి అంచుకి పోయే అడ్డగీతను లేజర్ ఒక్క గెంతులో దాటేస్తుంది. ట్రాక్ వెంటే చుట్టూ తిరిగే గీత మాత్రం చిన్నదైనా ముంచుతుంది. సీడీని గుండ్రంగా తుడవొద్దనేది ఇందుకే. ఇంటర్నెట్‌లో వీడియోలు పెట్టేవాళ్లేమో పళ్లెం తోమినట్టు గుండ్రంగానే తోముతుంటారు!

ముందు సీడీని కడగాలి: గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిచి ఆరనివ్వండి. జిడ్డు మొండికేస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చు. థిన్నర్, అసిటోన్ తగిలితే ప్లాస్టిక్ తెల్లబారి పాడైపోతుంది.

తర్వాత రిప్పింగ్, అంటే పాటల్ని కంప్యూటర్లోకి కాపీ చేసుకోవడం. దానికి ప్రోగ్రాములు విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, లినక్స్‌లో సీడీపారనోయా. మామూలు ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌తో కాపీ చేస్తే పోయిన శాంపిళ్లను (శబ్దాన్ని కొలిచి రాసిన చిన్న చిన్న అంకెలను) సీడీ డ్రైవ్ పక్కవాటిని బట్టి ఊహించి నింపేస్తుంది, ఆ సంగతి మీకు చెప్పదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీలో సెక్యూర్ మోడ్ (ప్రతి ముక్కనీ మళ్లీ మళ్లీ చదివి పోల్చే పద్ధతి) పెట్టండి, డ్రైవ్ ఆడియోని క్యాష్ చేస్తుందన్న (తన మెమరీలో దాచుకుంటుందన్న) ఆప్షన్‌ని ఆ ప్రోగ్రామ్ చేసే డిటెక్షన్ చెప్పినట్టే ఉంచండి, వేగం 4ఎక్స్‌కి (మామూలుగా పాడే వేగానికి నాలుగు రెట్లకి) తగ్గించండి. క్యాష్ సంగతి తప్పుగా పెడితే ప్రోగ్రామ్ పదిసార్లు చదివినా డ్రైవ్ తన మెమరీలోంచి అదే ముక్కను పదిసార్లు ఇస్తుంది, చదువు బాగా కుదిరిందని మీరు మోసపోతారు. సీ2 ఎర్రర్ సమాచారాన్ని (ఎక్కడ చదవలేకపోయిందో డ్రైవే చెప్పే లెక్కను) నేనైతే నమ్మను. చాలా డ్రైవ్‌లు దాన్ని సరిగ్గా చెప్పవు.

ఒక డ్రైవ్ చదవలేని చోటు ఇంకోటి సునాయాసంగా చదివేస్తుంది, ఇందులో వింతేమీ లేదు. పేస్టు కంటే ముందు డ్రైవ్ మార్చండి. రెండు డ్రైవ్‌ల ముక్కలు అతకాలంటే రెండింటికీ ఆక్యురేట్‌రిప్ (రిప్పులను సరిపోల్చే ఆన్‌లైన్ డేటాబేస్) చెప్పే ఆఫ్‌సెట్, అంటే ఆ డ్రైవ్ ఎన్ని శాంపిళ్లు అటూ ఇటూ జరిగి చదువుతుందో ఆ అంకె, పెట్టాలి, లేకపోతే అతుకు దగ్గర టిక్కుమంటుంది.

ఇంతా చేసినా చదవకపోతే అప్పుడు రుద్దండి. గీతను పూర్తిగా చెరిపేయనక్కర్లేదు, దాని పదునైన అంచులు నునుపైతే చాలు, లేజర్ చెదరడం తగ్గుతుంది. మెత్తటి గుడ్డ పరిచి సీడీని బొమ్మ కిందికి వచ్చేలా పెట్టండి, కింద ఇసుక రేణువున్నా బొమ్మ వైపు గీసుకుపోతుంది. శనగగింజంత తెల్లపేస్టు లేదా ప్లాస్టిక్ పాలిష్ తీసుకుని, ఆ గీత ఉన్న మేర మాత్రమే, మధ్య నుంచి అంచుకి పొట్టి పొట్టి గీతలుగా రుద్దండి. రుద్దుడు వల్ల కొత్తగా పడే గీతలు కూడా అడ్డంగానే పడాలి కదా. రెండు నిమిషాలకోసారి కడిగి చూడండి. గోరు తట్టుకునేంత లోతు గీతకు పేస్టు చాలదు. 2000 నంబరు వాటర్ పేపర్‌ని (సన్నటి గరుకు కాగితాన్ని) నీళ్లలో తడిపి రుద్దండి, తర్వాత 3000 నంబరుది, ఆ తర్వాత పాలిష్. పొగమంచులా మసక ఉన్నంతసేపూ డ్రైవ్‌లో పెట్టకండి.

మిగిలిపోయిన టిక్ టిక్‌లకు ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్లో రిపేర్ ఎఫెక్ట్ ఉంది, కానీ ఒకసారికి 128 శాంపిళ్లే, అంటే 3 మిల్లీసెకన్లు. సీడీలో ఒక్క సెక్టార్ (డేటాను విడగొట్టిన ఒక గడి) అంటేనే 588 శాంపిళ్లు, కాబట్టి సెక్టార్లకు సెక్టార్లు పోయిన చోట దీనితో పని జరగదు.

ఇదంతా మామూలు ఆడియో సీడీ గురించి. ఎంపీ3 ఫైళ్లున్న డేటా సీడీ అయితే దారి వేరు, దానికి డీడీరెస్క్యూ అనే డేటా రికవరీ ప్రోగ్రామ్ వాడండి. డేటా సీడీలో ప్రతి సెక్టార్‌కీ అదనపు దిద్దుబాటు కోడ్ ఉంటుంది, ఆడియో సీడీకి ఆ భాగ్యం లేదు.