సమాధానం: లీన్-టూ దొరక్కపోతే ఎలా?

న్యూయార్క్ అడిరాండాక్స్ కొండల్లో ఫారో లేక్ అడవికి శనివారం సాయంత్రం చేరేసరికి లీన్-టూలు (మూడు వైపులా గోడలు, పైన కప్పు ఉండే చెక్క పాకలు) నిండిపోతే పిల్లలతో రాత్రి ఎక్కడ పడుకోవాలనే కదండీ మీ భయం. వాటికి రిజర్వేషన్ ఉండదు, ముందొచ్చినవాళ్లదే. అందుకని టెంట్ తప్పకుండా మోసుకెళ్లండి. టెంట్ల కోసం గుర్తుపెట్టిన చోట్లు కూడా దొరక్కపోతే నీటికీ, దారికీ 150 అడుగుల అవతల వేసుకోవచ్చు.

నా మాట వింటే పుట్నమ్ పాండ్ వైపు నుంచి వెళ్లండి. లీన్-టూలున్న రాక్ పాండ్, క్లియర్ పాండ్ చెరువులు పక్కపక్కనే, ఒకచోట కాకపోతే ఇంకోచోట. మర్నాడు ట్రెడ్‌వే కొండ ఎక్కండి. చిన్నదే, కానీ పైన బండల మీద నుంచి చెరువులు ఎంత బాగుంటాయో!

పులిహోర, ఊరగాయ, టూత్‌పేస్ట్‌తో సహా వాసనొచ్చేవన్నీ బేర్ క్యానిస్టర్‌లో (ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బా) పెట్టి టెంట్‌కి దూరంగా ఉంచండి. జూన్‌లో నల్ల ఈగలు పిల్లల్ని పీక్కుతింటాయి, ప్రయాణం సెప్టెంబర్‌కి మార్చుకోండి.