రంగు మారితే పదార్థం మారినట్టేనా?

ప్రశ్న: మైలుతుత్తం (నీలి కాపర్ సల్ఫేట్) వేడిచేస్తే తెల్లబడుతుంది. చల్లారాక నీటి చుక్క వేస్తే మళ్లీ నీలమవుతుంది. మొదటికే వచ్చింది కాబట్టి ఇది భౌతిక మార్పే కదా? మేం చేసినప్పుడు పొడి అంచుల దగ్గర నల్లబడింది, ఎందుకు?

జవాబు: ఇది రసాయన మార్పే. ‘వెనక్కి వస్తే భౌతికం, రాకపోతే రసాయనికం’ అన్న సూత్రం చాలామందికి కంఠతా వచ్చు. కానీ దాన్నే నమ్ముకుంటే ఇలాంటిచోట తప్పటడుగు పడుతుంది. బంధాలు తెగి వేరే పదార్థం వచ్చిందా అన్నదే చూడాలి. నీలి స్ఫటికంలో ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు ఐదేసి నీటి అణువులుంటాయి. నాలుగు నేరుగా కాపర్ అయాన్‌కు అంటిపెట్టుకుని ఉంటాయి, ఐదోది హైడ్రోజన్ బంధాలతో నిలుస్తుంది. వేడికి ఈ నీరంతా పోతే మిగిలే అనార్ద్ర కాపర్ సల్ఫేట్ తెల్లగా ఉంటుంది. తిరిగి నీళ్లు తగిలినప్పుడు పొడి బాగా వేడెక్కేది కొత్తగా బంధాలు ఏర్పడటం వల్లే. అందుకే చుక్క చుక్కగానే వేయాలి.

దీన్ని తూచి చూడటం మంచిది. పింగాణీ మూసలో 2.50 గ్రాముల నీలి పొడి తీసుకుని, సన్నని మంట మీద గాజుకడ్డీతో మెల్లగా కలుపుతూ వేడిచేయండి. నీలం పూర్తిగా పోయాక డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూతపాత్రలో) చల్లార్చి తూచండి. బయట పెడితే గాలిలోని తేమను పీల్చుకుని బరువు తప్పు చూపిస్తుంది. మళ్లీ వేడిచేసి, చల్లార్చి, వరుసగా రెండు తూకాలు ఒకేలా వచ్చేదాకా ఇదే చేయండి. చివరికి 1.60 గ్రాముల దగ్గర ఆగాలి, ఎందుకంటే నీలి స్ఫటికం బరువులో 36 శాతం నీరే. 1.75 దగ్గరే ఆగిపోయిందంటే నీరు ఇంకా మిగిలి ఉంది: మొదటి నాలుగు అణువులు తేలిగ్గానే పోతాయి, ఆఖరిది పోవాలంటే 200 డిగ్రీల సెల్సియస్ దాటాలి.

మీ పొడి నల్లబడింది మంట ఎక్కువై. మరీ వేడెక్కితే సల్ఫేటే విడిపోయి నల్లని కాపర్ ఆక్సైడ్ మిగులుతుంది, ఘాటైన సల్ఫర్ ఆక్సైడ్ల పొగ వస్తుంది. ఆ నలుపు నీళ్లు పోసినా నీలం కాదు. పొగ పీల్చకండి, అంచు గోధుమరంగుకు తిరగగానే మంట తగ్గించండి. మూస లేక పరీక్షనాళికలో చేసేవాళ్లు దాని మూతిని కొంచెం కిందికి వంచి పట్టాలి. లేకపోతే పైన చేరిన నీరు వెనక్కి జారి, కాలుతున్న గాజు మీద పడి నాళిక పగులుతుంది.

దీనికి ఎదురుగా మెర్క్యురిక్ అయొడైడ్‌ను చూడండి. 127 డిగ్రీల దగ్గర ఎరుపు నుంచి పసుపుకు మారి, చల్లారితే తిరిగి ఎరుపవుతుంది. అక్కడ మారేది స్ఫటికంలో అమరిక మాత్రమే, పదార్థం అదే. (విషపదార్థం, దీన్ని మాత్రం మీరు చేయొద్దు.)

ప్రశ్న: నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) ఉత్పతనం చెందుతుందని, అంటే కరగకుండానే నేరుగా ఆవిరవుతుందని చదివాం. అది భౌతిక మార్పేగా?

జవాబు: పాఠాల్లో అలాగే చెబుతారు, కానీ లోపల జరిగేది వేరు. వేడికి అమ్మోనియం క్లోరైడ్ అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువులుగా విడిపోతుంది. నాళిక పైన చల్లటి గోడ దగ్గర అవి మళ్లీ కలిసి తెల్లటి పొడిగా పేరుకుంటాయి. మనకు కనిపించేది ఆ కలయిక ఫలితం.

నమ్మకం కుదరకపోతే ఇలా చేయండి. నాళిక అడుగున చిటికెడు నవాసారం, దానిపైన వదులుగా గాజు దూది, ఆపైన తడిపిన ఎర్ర లిట్మస్ ముక్క పెట్టి వేడిచేయండి. అమ్మోనియా అణువు తేలిక కావడంతో హైడ్రోజన్ క్లోరైడ్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వేగంగా దూది దాటి, లిట్మస్‌ను ముందు నీలం చేస్తుంది. వెనకే వచ్చే ఆమ్లవాయువుతో అది మళ్లీ ఎరుపు తిరుగుతుంది. దూది బిగించి కూరితే పైన పొడి పేరుకుని దారి మూసుకుపోయి లోపల పీడనం పెరుగుతుంది. వదులుగా ఉండటం ఇక్కడ ప్రాణాధారం.

ప్రశ్న: కాగితం కాలితే బరువు తగ్గుతుంది. స్టీల్ ఊల్ (సన్నని ఇనుప పోగుల ముద్ద) కాల్చితే పెరగాలన్నారు, మాకు తగ్గింది. లోపం ఎక్కడ?

జవాబు: కాగితం నుంచి వాయువులు వెళ్లిపోతాయి, ఇనుముకు గాలిలోని ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. తేడా అంతే. కానీ స్టీల్ ఊల్‌కు తుప్పు పట్టకుండా నూనె పూస్తారు, కాల్చినప్పుడు ఆ నూనె పోయి బరువు తగ్గినట్టు కనిపిస్తుంది. ముందు ఎసిటోన్‌లో ముంచి తీసి, మంటకు దూరంగా పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు తూచండి. మరో నష్టం నిప్పురవ్వలు: ఎగిరిపోయిన ప్రతి రవ్వా మీ లెక్కలోంచి పోయినట్టే, కాబట్టి కింద పింగాణీ పళ్లెం పెట్టి, దానితో సహా తూచండి. ఊల్‌ను విడదీసి వదులు చేస్తేనే గాలి లోపలికి ఆడుతుంది. 2 గ్రాములు పూర్తిగా కాలితే సుమారు 2.8 గ్రాములు రావాలి గానీ, లోపలి పోగులు కాలకుండా మిగులుతాయి గనుక అంత రాదు. 2.1 వచ్చినా ప్రయోగం కుదిరినట్టే.