మెష్ వైఫైలో ఏ పరికరం ఏ యూనిట్‌కి కనెక్ట్ కావాలో మనమే చెప్పవచ్చా?

మీ ప్రశ్న ఇదీ: ఇంట్లో మూడు యూనిట్ల మెష్ వైఫై (ఒకే వైఫై పేరుతో ఇంట్లో పలుచోట్ల పెట్టే డబ్బాలు) పెట్టించారు. టీవీ పక్కనే ఒక యూనిట్ ఉన్నా, టీవీ మాత్రం ఎక్కడో ముందు గదిలో ఉన్న మెయిన్ రౌటర్‌నే పట్టుకుని వేలాడుతోంది. ఫోన్లదీ అదే వరస. ఏది దేనికి కనెక్ట్ కావాలో మనమే నిర్ణయించే వీలుందా అని అడిగారు.

ఉంది. కానీ అన్నిటికీ ఒకేలా చెప్పకూడదు. కదలని వస్తువులను ఒక యూనిట్‌కి కట్టేయాలి. చేతిలో తిరిగే వాటిని వాటి మానాన వదిలేయాలి. మెష్ గురించి నేను విన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క తేడా పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవే.

మెష్ అమ్మేవాళ్ల మాటలు వింటే, మన ఫోన్ ఎటు వెళ్తే అటు ఉన్న యూనిట్‌కి మెష్ దానంతట అదే దాన్ని అప్పజెబుతుందనిపిస్తుంది. నిజానికి నిర్ణయం ఫోన్‌దే. ఏ యూనిట్‌కి కనెక్ట్ అవ్వాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నది వైఫై మొదటి నుంచీ పరికరం చేతిలోనే పెట్టింది. 802.11 అనేది వైఫై ప్రమాణాల పేరు. 2008లో వచ్చిన 802.11కె పద్ధతిలో యూనిట్ తన చుట్టుపక్కల ఏయే యూనిట్లు ఉన్నాయో ఫోన్‌కి జాబితా ఇస్తుంది. 2011 నాటి 802.11వి పద్ధతిలో ‘నువ్వు ఫలానా దానికి మారితే మంచిది’ అని సూచిస్తుంది. 802.11ఆర్ అనేది మారేటప్పుడు పట్టే సమయాన్ని తగ్గించడానికి పనికొస్తుంది తప్ప ఎటు మారాలో చెప్పదు. సూచన వినాలా వద్దా అన్నది పరికరం ఇష్టం. వినకపోతే యూనిట్ చేయగలిగింది ఒక్కటే, కనెక్షన్ తెంచేసి, అది మళ్లీ సరైన చోటికి వస్తుందని ఆశపడటం.

ఐఫోన్ సంగతి యాపిల్ స్వయంగా రాసి పెట్టింది. సిగ్నల్ మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ) కంటే దిగిపోయే దాకా అది ఇంకో యూనిట్ కోసం వెతకదు. మ్యాక్ కంప్యూటర్ అయితే మైనస్ 75 దాకా ఆగుతుంది. వెతికాక కూడా కొత్త యూనిట్ సిగ్నల్ కాస్త ఎక్కువుంటే సరిపోదు, స్పష్టంగా ఎక్కువ ఉండాలి. అంటే మీరు మైనస్ 66 దగ్గర కూర్చుంటే, పక్కనే మైనస్ 45 ఇచ్చే యూనిట్ ఉన్నా ఫోన్ కదలకపోవచ్చు. చాలామందికి ఇది చూడగానే ఒళ్లు మండుతుంది, మెష్ యాప్ తెరిచి దాన్ని ఎలాగైనా మార్చాలని కూర్చుంటారు. వద్దు. మైనస్ 66 దగ్గర మీ కాల్ బాగానే నడుస్తుంది, వీడియో బాగానే వస్తుంది. యాప్‌లో ఫోన్ ఏ యూనిట్ కింద కనిపిస్తోందన్నది కాదు, పని జరుగుతోందా లేదా అన్నదే చూడాలి.

టీవీ కథ వేరు. మా ఇంట్లో జరిగింది చెబుతాను, మీది కూడా ఇదే అయి ఉంటుందని నా గట్టి నమ్మకం.

మా మెయిన్ రౌటర్ ఫైబర్ లైన్ వచ్చే ముందు గదిలో ఉంటుంది. రెండో యూనిట్ హాల్లో టీవీ కింద అరలో, టీవీకి జానెడు దూరంలో ఉంటుంది. కొన్నాళ్లపాటు సాయంత్రం అమ్మ ఏదైనా పెట్టుకుంటే చాలు, రెండు నిమిషాలు నడిచి చక్రం తిరగడం మొదలయ్యేది. అదే సమయంలో అక్క మెయిన్ రౌటర్ పక్కనే కూర్చుని ల్యాప్‌టాప్‌లో మీటింగ్‌లో ఉంటే, ఆమె వీడియో కూడా ముక్కలు ముక్కలయ్యేది. రెండు సమస్యలకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టలేదు. నెట్ కంపెనీ మనిషిని పిలిస్తే రౌటర్ దగ్గర స్పీడ్ టెస్ట్ చేసి, ‘లైన్ బాగానే ఉంది సార్, ఇంకో యూనిట్ పెట్టించుకోండి’ అని వెళ్లిపోయాడు. స్పీడ్ తగ్గిందంటే ఇంకో డబ్బా కొనమనడమే వీళ్లకు తెలిసిన వైద్యం.

ఒక రోజు చక్రం తిరుగుతుండగానే యాప్ తెరిచి పరికరాల జాబితా చూశాను. టీవీ మెయిన్ రౌటర్ కింద ఉంది, 2.4 గిగాహెర్ట్జ్ (దూరం వెళ్లే, నెమ్మదైన వైఫై బ్యాండ్) మీద, సిగ్నల్ మైనస్ 79. మధ్యలో రెండు గోడలు. టీవీకి జానెడు దూరంలో ఉన్న యూనిట్ కింద మాత్రం ఒక్క పరికరం కూడా లేదు, ఖాళీగా వెలుగుతూ కూర్చుంది.

ఎందుకలా అంటే, అంతకుముందు కరెంటు పోయి వచ్చింది. కరెంటు రాగానే మెయిన్ రౌటర్ లేచి నెట్‌వర్క్ ఇవ్వడం మొదలుపెట్టింది. హాల్లో యూనిట్ మాత్రం ముందు మెయిన్ రౌటర్‌ని వెతికి పట్టుకోవాలి, ఆ లింకు కుదిరాకే తను నెట్‌వర్క్ ఇస్తుంది. ఈలోగా టీవీ లేచి చుట్టూ చూసింది. మా వైఫై పేరుతో కనిపించింది మెయిన్ రౌటర్ ఒక్కటే. దానికే కనెక్ట్ అయింది. తర్వాత హాల్ యూనిట్ వచ్చినా టీవీ పట్టించుకోలేదు, ఎందుకంటే కనెక్షన్ తెగలేదుగా. ఇంట్లో అటూ ఇటూ తిరిగే వస్తువు కాదు కాబట్టి టీవీల్లో చాలావాటికి మెరుగైన యూనిట్ కోసం వెతికే అలవాటే ఉండదు. రిమోట్‌తో ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు, అది నిద్రపోతుందే తప్ప వైఫై వదలదు. ప్లగ్ తీసి పెడితే వెంటనే హాల్ యూనిట్‌కి వచ్చింది. మళ్లీ కరెంటు పోయినప్పుడు మళ్లీ మొదటికొచ్చింది.

అక్క మీటింగ్ సంగతి కూడా ఇక్కడే తేలింది. ఒక యూనిట్‌లోని ఒక ఛానల్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. సిగ్నల్ బలహీనంగా ఉన్న పరికరం చాలా నెమ్మదైన వేగంతో మాట్లాడుతుంది, అదే డేటాకి ఎన్నో రెట్లు ఎక్కువ సమయం తీసుకుంటుంది, మిగతావాళ్లు అంతసేపూ ఆగాల్సిందే. అక్క పాత ల్యాప్‌టాప్ కూడా 2.4 మీదే నడుస్తుంది. టీవీ అంత దూరం నుంచి అరిచి వీడియో తెప్పించుకుంటుంటే, రౌటర్ పక్కనే ఉన్న ఆమె వంతు రావడం ఆలస్యమయ్యేది. కాబట్టి తప్పు యూనిట్‌కి అతుక్కున్న ఒక్క వస్తువు తన పనే కాదు, ఇంట్లో అందరి పనీ పాడుచేస్తుంది. అందుకే కదలనివాటిని కట్టేయాలి అని ఇంత గట్టిగా చెబుతున్నాను.

కట్టేయడం ఎలా అంటే, అది మీ కంపెనీని బట్టి ఉంటుంది. టీపీ లింక్ డెకో అయితే యాప్‌లో ఆ పరికరం పేరు మీద నొక్కండి. కొత్త వెర్షన్లలో దాన్ని ఏ డెకోకి కలపాలో ఎంచుకునే చోటు ఉంటుంది. పాత వాటిలో ఒక్క పరికరానికి మెష్ టెక్నాలజీ ఆఫ్ చేసే బటన్ ఉంటుంది. ఆసుస్ ఎయిమెష్‌లో పరికరాన్ని ఫలానా నోడ్‌కి (యూనిట్‌కి వాళ్ల పేరు) బైండ్ చేయవచ్చు, అంటే కట్టేయవచ్చు. యూనిఫైలో పరికరం సెట్టింగుల్లో ఫలానా యాక్సెస్ పాయింట్‌కి, అంటే యూనిట్‌కి, లాక్ చేసే వీలుంది. మా టీవీని హాల్ యూనిట్‌కి ఇలాగే కట్టేశాను, ఆ రోజు నుంచి అమ్మ సాయంత్రాలు ప్రశాంతంగా గడుస్తున్నాయి.

ఇంతకంటే మంచి మార్గం కేబుల్. మెష్ యూనిట్లలో చాలావాటికి వెనక లాన్ పోర్టు (నెట్ కేబుల్ గుచ్చే చోటు) ఉంటుంది. యూనిట్ టీవీ పక్కనే ఉన్నప్పుడు మూరెడు కేబుల్ తెచ్చి గుచ్చేస్తే అయిపోయింది, ఇక ఏ యాప్‌తోనూ పని లేదు. టీవీ, ప్రింటర్, గేమింగ్ కన్సోల్, డెస్క్‌టాప్, వీటిలో ఏది యూనిట్ పక్కన ఉన్నా నేను వైఫై జోలికే పోను.

గేటు దగ్గర కెమెరాలు, స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు ఇంకో తరగతి. వీటిలో చాలావాటిలో ఉండే ఈఎస్‌పీ32 లాంటి చిప్పులకు తయారీదారు ఇచ్చిన మామూలు సెట్టింగే ఎలా ఉంటుందంటే, ఆ పేరుతో మొదట ఏ యూనిట్ కనిపిస్తే దానికే కనెక్ట్ అవడం. అన్నీ వెతికి బలమైనదాన్ని ఎంచుకోమని ఆ వస్తువు తయారుచేసినవాళ్లు విడిగా రాయాలి. రాసే ఓపిక లేనివాళ్లు ఎక్కువ. అందుకే కొత్త బల్బు పెట్టేటప్పుడు పెట్టెలోంచి తీసి రౌటర్ పక్కనే కనెక్ట్ చేసి, తర్వాత మేడ మీదకి పట్టుకెళ్లి బిగిస్తే, ఒక్కోసారి అది ఇంకా కింది రౌటర్‌నే పట్టుకుని ఉంటుంది. బిగించాల్సిన చోటే బిగించి, యూనిట్లన్నీ లేచాక కరెంటు ఇవ్వండి. అప్పటికీ మాట వినకపోతే యాప్‌లో కట్టేయండి.

ఇక ఫోన్లు. మా బావ ఇంజినీరు, చదివింది వెంటనే అమలు చేసే మనిషి. తమ ఇంట్లో ఏ ఫోన్ దూరపు యూనిట్‌ని పట్టుకుని ఉండకూడదని, సిగ్నల్ మైనస్ 65 కంటే తగ్గితే చాలు కనెక్షన్ తెంచేసేలా పెట్టాడు. కాగితం మీద బాగానే ఉంది. కానీ వాళ్ల వెనక గదిలో ఏ యూనిట్ సిగ్నల్ కూడా మైనస్ 65కి రాదు. అక్కడ మంచం మీద కూర్చుని అత్తయ్య వీడియో కాల్ మాట్లాడుతుంటే తెగిపోవడం, మళ్లీ కలవడం, మళ్లీ తెగడం. ఆమె ఫోన్ పాడైందనుకుని కొత్త ఫోన్ కొనే దాకా వచ్చింది. చివరికి ఆ అంకె మైనస్ 80కి దించాక కుదుటపడింది. కట్ చేసే అంకె పెట్టాలంటే ముందు ఇల్లంతా తిరిగి, అన్నిటికంటే బలహీనమైన మూల ఎంత చూపిస్తోందో చూడాలి. అంకె దానికంటే కిందే ఉండాలి. ఇది ఎవరూ చెప్పరు.

ఫోన్‌ని ఒకే యూనిట్‌కి కట్టేయడం ఇంకా చెడ్డ ఆలోచన. పడకగది యూనిట్‌కి కట్టేస్తే వంటింట్లోకి వచ్చినా దాన్నే పట్టుకుని ఏడుస్తుంది. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు నెట్‌వర్క్‌కి తమ అసలు మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) కాకుండా ఒక రాండమ్ అడ్రస్ చూపిస్తున్నాయి. ఆ అడ్రస్ మారిందంటే మీరు పెట్టిన నియమం పోయినట్టే.

ల్యాప్‌టాప్ మధ్యరకం. విండోస్‌లో ఇంటెల్ వైఫై కార్డు ఉంటే డివైస్ మేనేజర్‌లో, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో రోమింగ్ అగ్రెసివ్‌నెస్ (ఎంత త్వరగా వేరే యూనిట్‌కి మారాలన్నది) అని ఐదు మెట్ల సెట్టింగ్ ఉంటుంది. మామూలుగా మూడో మెట్టు మీద ఉంటుంది. ఎప్పుడూ ఒకే బల్ల మీద ఉండే ల్యాప్‌టాప్ ఊరికే యూనిట్లు మారుస్తుంటే ఒక మెట్టు దించండి, ఇల్లంతా తిప్పేదైతే ఒక మెట్టు పెంచండి. లినక్స్ వాడేవాళ్లకు నెట్‌వర్క్‌మేనేజర్‌లో ఆ కనెక్షన్‌కి బీఎస్ఎస్ఐడీ (ఒక్కో యూనిట్ రేడియోకి ఉండే అడ్రస్) రాసుకునే గడి ఉంది, ఏ యూనిట్‌ది రాస్తే దానికే వెళ్తుంది.

కట్టేసే ముందు ఒక్కటి చూసుకోండి. దగ్గరి యూనిట్టే ఎప్పుడూ మంచిదని కాదు. యూనిట్ల మధ్య కేబుల్ లేకుండా గాలి మీదే లింకు నడుస్తుంటే, అందులోనూ పరికరాలతో మాట్లాడే రేడియోనే ఆ లింకుకీ వాడుతుంటే, అదే డేటా రెండుసార్లు గాలిలోకి ఎక్కాలి, వేగం దాదాపు సగానికి పడుతుంది. అలాంటి చోట టీవీకి మెయిన్ రౌటర్ నుంచే మైనస్ 60 వస్తుంటే దాన్ని కదపకండి, అది సరైన చోటే ఉంది. కట్టేయడం వల్ల వచ్చే ఇబ్బంది ఇంకొకటి, ఆ యూనిట్ చెడిపోతే కొన్ని సిస్టమ్‌లలో టీవీ వేరే దానికి వెళ్లదు. నెట్ లేదని చూపిస్తూ కూర్చుంటుంది. కట్టేసిన వస్తువుల పేర్లు ఎక్కడైనా రాసి పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.

నాకు నిజంగా కోపం తెప్పించేది, కొన్ని కంపెనీల యాప్‌లలో ఈ సెట్టింగే ఉండకపోవడం. ‘మీరేం ఆలోచించక్కర్లేదు, మా సిస్టమే చూసుకుంటుంది’ అంటారు. కొందరైతే సిగ్నల్ ఎంతో అంకె కూడా చూపించరు, పచ్చ చుక్క పెట్టి బాగుంది అంటారు. మైనస్ 79 దగ్గర కూడా పచ్చ చుక్కే. డబ్బు పెట్టి కొన్నది నేను, ఇల్లు నాది, టీవీ ఎక్కడుందో నాకు తెలుసు. ఆ పక్కన ఉన్నదానికే కనెక్ట్ అవ్వు అని చెప్పే హక్కు నాకు ఎందుకుండకూడదు? సులువుగా ఉండాలంటే ఆ సెట్టింగ్ లోపల ఎక్కడో పెట్టండి, తీసేయడం ఎందుకు? కొత్తగా కొనేవాళ్లు ఎవరైనా అడిగితే వేగం, పెట్టె మీద రాసిన పెద్ద అంకెలు పక్కన పెట్టి ముందు ఈ రెండే చూడమంటాను: పరికరాన్ని యూనిట్‌కి కట్టే వీలుందా, ప్రతి పరికరం సిగ్నల్ అంకెల్లో చూపిస్తుందా. రెండూ లేకపోతే కొనకండి.

మీ టీవీకి వస్తే, ఈ సాయంత్రం అది ఆన్‌లో ఉన్నప్పుడు యాప్‌లో దాని సిగ్నల్ చూడండి. మైనస్ 70 కంటే దిగి ఉంటే ప్లగ్ తీసి, కాసేపాగి పెట్టండి. పక్క యూనిట్‌కి వస్తే కారణం కరెంటే, అప్పుడు కట్టేయండి లేదా కేబుల్ వేయండి. ప్లగ్ తీసి పెట్టినా మళ్లీ మెయిన్ రౌటర్‌కే వెళ్తుంటే ఆ పక్క యూనిట్ లింకే బాగాలేదేమో చూడండి, దాన్ని టీవీ కింద నుంచి తీసి మెయిన్ రౌటర్‌కీ హాలుకీ మధ్యలో ఎక్కడైనా పెట్టి చూడండి. మీ సిస్టమ్ ఏ కంపెనీదో రాస్తే సెట్టింగ్ ఎక్కడుందో వెతికి చెబుతాను.